ఆర్కెస్ట్రాలో చెల్లో ఉద్యోగం: నేను వాయించేది నాకే వినపడట్లేదు

నాలుగో_డెస్క్
పదకొండేళ్లుగా ఆర్కెస్ట్రాలో చెల్లో (కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాయిస్తున్నాను. నాలుగో డెస్క్, లోపలి కుర్చీ. అంటే ఇద్దరికీ కలిపి ఉన్న స్టాండు మీద పేజీలు తిప్పేది నేనే. నిన్న రిహార్సల్లో ఓ పిచ్చి పని చేశాను. వెనక బ్రాస్ (ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాల) వాళ్లు గట్టిగా అందుకున్న చోట కమానుని తీగకి వెంట్రుకవాసి పైన ఉంచి, చెయ్యి మాత్రం ఆడిస్తూ నాలుగు బార్లు (తాళం కొలతలు) గడిపేశాను. ఏమీ మారలేదు. ముందు నిలబడి నడిపించే కండక్టర్ చూడలేదు, ఎవరూ తల తిప్పలేదు, సంగీతం దాని దారిన అది పోయింది.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఏడేళ్ల వయసులో మొదలుపెట్టి, చదువు ముగిసేనాటికి ద్వొర్జాక్ కన్‌చెర్టో (ఆర్కెస్ట్రా ముందు ఒక్కరే ప్రధానంగా వాయించే రచన) వాయించి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. ఇప్పుడు నేనున్నా లేకపోయినా ఒకటే అన్నమాట. దీనికి తోడు చుట్టాల ప్రశ్న ఒకటి: "సాయంత్రం రెండు గంటలేగా కచేరీ, మరి పగలంతా ఏం చేస్తుంటావు?"

ఇదే పనిలో ఉన్నవాళ్లు దీని మీద ఇష్టాన్ని ఎలా నిలబెట్టుకుంటున్నారు? చెల్లో కాక ఇంకేదైనా పట్టుకున్నారా? ఓదార్పులు వద్దు, జరిగినవి చెప్పండి.

రోజన్‌పొడి
ఎవరూ చూడలేదని ఎవరన్నారు బాసూ? నీ పక్క కుర్చీవాడు చూసే ఉంటాడు. మర్యాదకి ఊరుకున్నాడు.

వయోలా_బాధితుడు
మేం వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) వాళ్లమైతే నాలుగు బార్లు కాదు, నాలుగేళ్లు ఆపినా ఎవరికీ తెలీదు. మా దగ్గరకొచ్చి ఏడుస్తున్నావా?

శ్రోతని_మాత్రమే
నేను వాయించను, వింటాను. ఎప్పట్నుంచో ఉన్న సందేహం. పది మందీ ఒకే స్వరం వాయించేటప్పుడు పది మంది ఎందుకు? ఇద్దరికి మైకు పెడితే సరిపోదా?

డెసిబెల్
సరిపోదు. పది చెల్లోలు కలిస్తే పది రెట్లు గట్టిగా వినపడదు. మీటరులో దాదాపు 10 డెసిబెల్స్ పెరుగుతుంది, మన చెవికి అది రెండింతలైనట్టు తోస్తుంది, అంతే. అసలు సంగతి అది కాదు. ఏ ఇద్దరి శ్రుతీ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవదు, వేలి కంపనం వేగం ఒక్కటి కాదు. ఆ చిన్న చిన్న తేడాలన్నీ కలిసి స్వరానికి ఒక మందం వస్తుంది. ఒక్క చెల్లోని మైకులో పెంచితే గట్టి చెల్లో వస్తుంది తప్ప చెల్లోల గుంపు రాదు.

@నాలుగో_డెస్క్, లెక్క ప్రకారం పది మందిలో ఒకరు ఆగిపోతే తగ్గేది అర డెసిబెల్ కన్నా తక్కువ. మీ ప్రయోగం ఫలితం ముందే తెలిసిందే. బాధపడాల్సింది కాదు.

నాలుగో_డెస్క్
అర డెసిబెల్ కూడా కాదా! ఓదార్పులు వద్దన్నాను గానీ ఇంత పచ్చిగా చెప్పమనలేదండీ.

మంద్రపంచమం
ఇరవై ఎనిమిదేళ్లుగా సెక్షన్‌లో ఉన్నదాన్ని, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

మీకు మీరు వినపడాలని కోరుకోవడమే మొదటి చిక్కు. సోలో చదువులో పదిహేనేళ్లు మనకి నేర్పేది హాలు చివరి వరుసకి చేరేలా వాయించడం. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అడిగేది దానికి ఎదురు. ప్రిన్సిపల్ (సెక్షన్ నాయకుడు) కమాను ఎక్కడుందో, మొదట్లో ఉందా మధ్యలో ఉందా చివర ఉందా, అది ఓ కంటితో చూడాలి. ముందు డెస్కుల చప్పుడుకి ఒక పిసరు లోపల ఉండాలి. వెనక డెస్కుల్లో ఉన్నవాళ్లు చెవితో విని వాయిస్తే ఆలస్యమైపోతుంది, కాబట్టి కళ్లతో చూసి వాయించాలి. నా మొదటి రెండేళ్లూ ఇది పట్టుబడక చచ్చాను. నా పక్కాయన ఒక్కటే అనేవాడు: "నువ్వు నీకు వినపడుతున్నావంటే ఎక్కువ వాయిస్తున్నావని."

ఇక నాలుగు బార్ల సంగతి. బ్రాస్ గర్జిస్తున్నప్పుడు పరీక్ష పెడితే ఏం తెలుస్తుంది? షూబర్ట్ అసంపూర్ణ సింఫనీ మొదటి భాగంలో మన రెండో రాగం వచ్చే చోట ఆపి చూడండి. బేతోవెన్ తొమ్మిదో సింఫనీ చివరి భాగంలో, మనుషులెవరూ నోరు విప్పక ముందు, మాటలు లేకుండా మాట్లాడేది చెల్లోలూ, వాటికన్నా పెద్దవైన డబుల్ బేస్‌లే. ఆ తర్వాత ఆనంద గీతాన్ని మొట్టమొదట ఎత్తుకునేదీ వాళ్లే, అదీ గుసగుసగా. అక్కడ ఒక్కరు కమాను ముందుగా తగిలించినా హాలంతటికీ తెలుస్తుంది. నేను తగిలించాను ఒకసారి. ఎలా తెలిసిందని అడగొద్దు.

రోజన్‌పొడి
అడుగుతున్నాం. ఎలా తెలిసింది?

మంద్రపంచమం
డబుల్ బేస్‌ల వైపు నుంచి ఎనిమిది జతల కళ్లు నా మీదికి తిరిగాయి. చాలా?

కుర్చీ_ఖాళీచేశాను
నేను పద్నాలుగేళ్లు చేసి మానేసినవాణ్ణి. పంచమం గారంటే గౌరవమే గానీ దీన్ని మరీ కవిత్వం చేయొద్దు. ఎడమ భుజం, ఆ తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత ఉంగరం వేలు మొద్దుబారడం. రెండేళ్లు ఎవరికీ చెప్పకుండా వాయించాను, చెప్తే కాంట్రాక్టు పోతుందని భయం. 1980ల్లో అమెరికా ఆర్కెస్ట్రాల్లో ఒక పెద్ద సర్వే జరిగింది. 2,212 మంది జవాబిస్తే అందులో 76% మంది తమ వాయింపుని దెబ్బతీసే ఆరోగ్య సమస్య కనీసం ఒకటుందన్నారు. 27% మంది టెన్షన్ తగ్గించుకోవడానికి బీటా బ్లాకర్లు (గుండె దడని తగ్గించే మందులు) వాడామన్నారు. అది బయటికి ఒప్పుకున్న లెక్క.

హార్వర్డ్‌లో రిచర్డ్ హ్యాక్‌మన్ బృందం రకరకాల ఉద్యోగాలవాళ్ల తృప్తిని పోల్చి చూస్తే సింఫనీ వాద్యకారులు జైలు గార్డుల కన్నా కిందే తేలారు. జైలు గార్డులు! దీనికి షూబర్ట్ ఏం సమాధానం చెప్తాడు?

మంద్రపంచమం
ఆ పరిశీలన నేనూ చదివాను. మీరు సగమే చెప్పారు. అందులోనే స్ట్రింగ్ క్వార్టెట్ (నలుగురి తీగవాద్య బృందం) వాళ్లు పైన ఉన్నారు. వాళ్లవీ అవే వేళ్లు, అవే తీగలు, అవే నొప్పులు. తేడా ఏమిటంటే ఏ రచన వాయించాలి, ఎంత వేగంతో, ఏ కమాను కింది నుంచి, ఏది పైనుంచి అని నలుగురూ కూర్చుని పోట్లాడుకుని తేల్చుకుంటారు. మనకి అవన్నీ వేరేవాళ్లు తేల్చేసి పంపుతారు. లోటు అక్కడుంది. చెల్లోలో లేదు.

మీ భుజం విషయంలో మాత్రం మీతో వాదించను. దాచుకోవడం మా తరం చేసిన తప్పు. పిల్లలు చేయకూడదు.

కుర్చీ_ఖాళీచేశాను
అదొక్కటి ఒప్పుకున్నారు కాబట్టి మిగతాదానికి ఊరుకుంటాను. ప్రస్తుతానికి.

ఏడో_ఆడిషన్
మీ అందరికీ కుర్చీ ఉంది లేదా ఉండేది, అందుకే ఈ చర్చ. నేను మొన్న ఏడో ఆడిషన్ పోగొట్టుకొచ్చాను. తెలియనివాళ్ల కోసం ఎలా ఉంటుందో చెప్తా. పేరుండదు, ఒక నంబరిస్తారు. మధ్యలో తెర. చెప్పుల చప్పుడుని బట్టి ఆడో మగో పోల్చకుండా నేల మీద తివాచీ. నోరు విప్పకూడదు, ఏదైనా అడగాలంటే పక్కనున్న మనిషి చెవిలో చెప్పాలి. హైడన్ డి మేజర్ కన్‌చెర్టో మొదటి పేజీ, ఆ వెంటనే ముక్కలు: బేతోవెన్ ఐదో సింఫనీ రెండో భాగం, బ్రామ్స్ రెండో సింఫనీ నెమ్మది భాగం, మెండెల్సన్ స్కెర్ట్సో, స్ట్రాస్ డాన్ హువాన్, దెబుసీ లా మేర్. ఏడెనిమిది నిమిషాలు. "థాంక్యూ" అని తెర వెనక నుంచి ఒక గొంతు. అంతే. మూడు నెలల సాధన.

మీరు నాలుగు బార్లు గాల్లో కమాను ఊపి ఏడుస్తున్నారు. ఆ నాలుగు బార్లు నాకివ్వండి.

నాలుగో_డెస్క్
తగిలింది. నిజంగానే. నేను కూడా తొమ్మిదోసారికి గెలిచినవాణ్ణే, మర్చిపోయాను. లా మేర్‌లో ఎక్కడ జారింది?

ఏడో_ఆడిషన్
మొదటి భాగంలో చెల్లోలు గుంపులుగా విడిపోయే చోటే. తెరకి ఇవతల నేనొక్కణ్ణే. నాలుగు గుంపులకి రాసింది ఒక్క గుంపు గీతలో వాయించాలి. చుట్టూ మిగతా స్వరాలు లేకుండా అది తలా తోకా లేనట్టుంటుంది.

మంద్రపంచమం
దెబుసీ అక్కడ 16 చెల్లోలు కావాలని రాశాడు. చాలా ఆర్కెస్ట్రాల్లో అంతమంది ఉండరు, పది పన్నెండు మందే సర్దుకుంటారు. రికార్డింగు పెట్టుకుని మిగతా మూడు గుంపుల్నీ పాడుకుంటూ సాధన చేయి బాబూ. నీ స్వరానికి ఇల్లు దొరుకుతుంది.

శ్రోతని_మాత్రమే
ఈ తెర పద్ధతి ఎప్పట్నుంచి?

డెసిబెల్
బోస్టన్ సింఫనీ 1952లోనే వాడింది. మిగతా చోట్ల బాగా వ్యాపించింది 1970ల తర్వాతే. ఆడవాళ్లకి తలుపు ఎంత ఆలస్యంగా తెరుచుకుందంటే, బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో మొదటి మహిళ 1982లో చేరింది. వియన్నా ఫిల్హార్మోనిక్ మహిళల్ని సభ్యులుగా తీసుకోవడం 1997లో మొదలైంది.

మా_అమ్మకి_చెప్పలేదు
నేను ప్రిన్సిపల్ అయ్యానని ఫోన్ చేస్తే మా అమ్మ ఏ కాలేజీకి అని అడిగింది. కండక్టర్ తిట్టాడంటే టికెట్ తీసుకోలేదా అంది. ఇరవై ఏళ్లయింది, ఇంకా పూర్తిగా సర్దుకోలేదు.

వయోలా_బాధితుడు
ఈ నెలలో చదివిన అన్ని పోస్టుల్లోకీ ఇదే బెస్టు.

మా_అమ్మకి_చెప్పలేదు
"పగలంతా ఏం చేస్తావు" అన్నదానికి నేను చెప్పే జవాబు ఇది. పొద్దున గంట స్కేళ్లు (స్వరాల వరుసలు), ఎవరేమన్నా సరే. రిహార్సల్ రెండున్నర గంటలు, కొన్ని రోజులు రెండుసార్లు. వారం వారం కార్యక్రమం మారుతుంది. నాలుగు రిహార్సళ్లలో ఒక పెద్ద సింఫనీ, ఒక కన్‌చెర్టో, ఒక కొత్త రచన నిలబెట్టాలి. ప్రిన్సిపల్‌ని కాబట్టి అంతకుముందే కమాను గుర్తులన్నీ, ఏది పైకి ఏది కిందికి అని, నా కాపీలో రాసివ్వాలి. వయొలిన్ల వాళ్లు వాళ్లవి మారిస్తే మళ్లీ చెరిపి రాయాలి. మధ్యాహ్నం ఇద్దరు శిష్యులు. తీగలు పాతబడితే మార్చాలి, కమాను వెంట్రుకలు అరిగితే మళ్లీ కట్టించాలి. సాయంత్రం కచేరీ. రాత్రి పదకొండింటికి ఇల్లు, ఒంట్లో ఇంకా సింఫనీ మోగుతూ ఉంటే ఒంటిగంట దాకా నిద్రుండదు. ఆ ఒంటిగంటకే నేను చదరంగం పజిళ్లు చేసేది. అదే నా "ఆసక్తి".

రోజన్‌పొడి
పేజీ తిప్పేవాడి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. లోపలి కుర్చీవాడు పేజీ తిప్పేటప్పుడు రెండు బార్లు ఎలాగూ వాయించడు. అంటే నాలుగో డెస్కు మహాశయుడు పదకొండేళ్లలో అధికారికంగా కొన్ని వేల బార్లు వాయించలేదు. దానికి జీతం కూడా తీసుకున్నాడు. అప్పుడు పట్టని నిద్ర లేదు!

నాలుగో_డెస్క్
ఇది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. నవ్వాపుకోలేకపోతున్నా.

చెక్కా_జిగురూ
నేను వాద్యాలు బాగుచేసేవాణ్ణి. ఆసక్తుల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, మా దగ్గరికొచ్చే ఆర్కెస్ట్రా చెలిస్టుల్లో సగం మంది పని ముగిసినా వెళ్లరు. బల్ల పక్కన నిలబడి చూస్తుంటారు. వాళ్లు రోజంతా కావలించుకుని కూర్చునే వస్తువు లోపల ఏముందో చాలామందికి తెలీదు. చెల్లో లోపల, పైచెక్కకీ కిందిచెక్కకీ మధ్య చిన్న కర్ర ఒకటి నిలబడి ఉంటుంది. దానికి జిగురు ఉండదు, మేకు ఉండదు, తీగల బిగువుకే నిలుస్తుంది. ఫ్రెంచివాళ్లూ ఇటాలియన్లూ దాన్ని "ఆత్మ" అనే పిలుస్తారు. ఒక మిల్లీమీటరు జరిపితే వాద్యం గొంతు మారిపోతుంది. తీగలన్నీ ఒకేసారి వదులు చేస్తే పడిపోతుంది. దయచేసి ఆ పని ఇంట్లో చేయకండి, ఒక్కో తీగా మార్చుకోండి.

గాలి పొడిబారితే అతుకులు విడిపోతాయి. కంగారు పడొద్దు. జంతువుల తోలుతో చేసిన ఆ జిగురు వాడేదే అందుకు, చెక్క పగలకుండా ముందు అతుకు విడాలని.

ఒకాయన, పెద్ద ఆర్కెస్ట్రా మనిషే, నాలుగేళ్లు సెలవులన్నీ మా బల్ల దగ్గర గడిపి సొంతంగా ఒక చెల్లో చేసుకున్నాడు. అంత బాగా ఏమీ పలకదు. ఎఫ్ స్వరం దగ్గర తోడేలు అరిచినట్టు గురక పెడుతుంది. ఆయనకి అదే ముద్దు.

మంద్రపంచమం
ఆ తోడేలు అందరి చెల్లోల్లోనూ ఉంటుంది. కొన్ని మర్యాద నేర్చుకుంటాయి, అంతే.

వయోలా_బాధితుడు
ఎవరైనా విమాన ప్రయాణాల గురించి రాయండి. నా వయోలా తల మీది అరలో పడుతుంది. మిమ్మల్ని చూసి ఆనందించాలని ఉంది.

మా_అమ్మకి_చెప్పలేదు
రెండు టికెట్లు. ఒకటి నాకు, ఒకటి దానికి. దానికి కిటికీ సీటే ఇస్తారు, నాకు ఎప్పుడూ మధ్య సీటు. బెల్టు చాలక పొడిగింపు అడగాలి. కమాను గురించి ఇంకో భయం. మంచి కమాన్లన్నీ పెర్నాంబుకో చెక్కవి, ఆ చెట్టు 2007 నుంచి అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉంది. పాత కమానుల కొసకి ఏనుగు దంతం ముక్క కూడా ఉంటుంది. అందుకే సరిహద్దులు దాటేటప్పుడు నేను కార్బన్ ఫైబర్ కమానే తీసుకెళ్తాను. చెక్కది ఇంట్లో ఉంటుంది, అలిగి.

శ్రోతని_మాత్రమే
చెల్లో వల్ల మగవాళ్లకి ఏదో ప్రత్యేకమైన జబ్బు వస్తుందని ఎక్కడో చదివాను. నిజమా?

కుర్చీ_ఖాళీచేశాను
హహ. అది 1974లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఒక ఉత్తరం. ఎక్కడ వస్తుందో ఇక్కడ రాయను, చెల్లో ఎక్కడ పెట్టుకుంటామో ఊహించుకోండి. 2009లో ఆ ఉత్తరం వెనకున్న డాక్టరమ్మ ఎలైన్ మర్ఫీ స్వయంగా ఒప్పుకుంది, సరదాకి రాశామని. చెల్లో వాయించేవాళ్లని ఒక్కసారి చూసినవాళ్లెవరైనా అది కుదరదని చెప్తారంది. ముప్పై అయిదేళ్లు వైద్యలోకం నమ్మింది. మా భుజాల నొప్పి మాత్రం ఎవరూ నమ్మలేదు.

రోజన్‌పొడి
సీరియస్‌గా ఒకటి చెప్తాను, జీవితంలో మొదటిసారి. చెల్లో సెక్షన్‌లోంచి పైకి లేచిన మనుషుల్ని చూడండి. పేరుమోసిన కండక్టర్ టొస్కనీని చెల్లో వాడే. 1886లో రియో డి జనీరోలో కండక్టర్ గొడవపడి వెళ్లిపోతే, పందొమ్మిదేళ్ల కుర్రాడు చెల్లో పక్కన పెట్టి లేచి, కాగితం చూడకుండా వెర్డీ ఒపెరా ఆయీదా మొత్తం నడిపించాడు. మర్నాటి నుంచి పెద్దమనిషి అయిపోయాడు అనుకుంటాం కదా? 1887లో వెర్డీ ఒతెల్లో మొదటి ప్రదర్శనకి మళ్లీ చెల్లోల్లో కూర్చున్నాడు. వెర్డీ పక్కనుంటే ఏం జరుగుతుందో చూడాలని.

తర్వాత పెద్ద కండక్టరైన హార్నన్‌కోర్ట్ ఇంకా నచ్చుతాడు. 1952 నుంచి 1969 దాకా వియన్నా సింఫనీలో చెల్లో ఉద్యోగం. ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడే భార్యతోనూ స్నేహితులతోనూ కలిసి పాత కాలపు వాద్యాలతో సొంత బృందం పెట్టాడు. పదహారేళ్ల పాటు పగలు ఒకటి, ఖాళీ దొరికితే ఇంకొకటి. ఆ రెండోదే చివరికి బారోక్ (బాక్ కాలం నాటి) సంగీతం ఎలా వినాలో అందరికీ నేర్పింది. అంటే అందరూ అలా అవుతారని కాదు. నాకు పావురాలు పెంచడమొక్కటే వచ్చు.

ఏడో_ఆడిషన్
పావురాలా?

రోజన్‌పొడి
మరో చర్చలో మాట్లాడుకుందాం.

డెసిబెల్
విడిగా పెట్టండి, నేనొస్తా.

మంద్రపంచమం
@నాలుగో_డెస్క్, మీరు జరిగినవి చెప్పమన్నారు కదా, నాది చెప్తాను. ఉద్యోగంలో పన్నెండో ఏట నాకూ మీలాగే అయింది. అప్పుడు మా సెక్షన్ నుంచి ముగ్గురం, బయటి నుంచి అయిదుగురు, మొత్తం ఎనిమిది చెల్లోలు నెలకోసారి ఒక ఖాళీ గదిలో కలవడం మొదలుపెట్టాం. బ్రెజిల్ స్వరకర్త వీయా లోబోస్ బాకియానాస్ బ్రజిలేరాస్ మొదటిదీ అయిదోదీ ఎనిమిది చెల్లోలకే రాశాడు, అయిదోదానికి ఒక గాయని కూడా కావాలి. శ్రోతలు లేరు, కండక్టర్ లేడు. మొదటి రోజు ఎవరు సైగ ఇవ్వాలో తెలీక అయిదు నిమిషాలు ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ గదిలో నన్ను నేను విన్నాను. బాగాలేను. ఎడమచేతి కంపనం బద్ధకంగా అయిపోయింది, పైస్థాయిల్లో శ్రుతి జారుతోంది. ఆర్కెస్ట్రాలో పన్నెండేళ్లు అది ఎవరికీ కనపడలేదు, నాకు కూడా. ఆ రోజు నుంచి పొద్దున్నే బాక్ ఒంటరి చెల్లోకి రాసిన సూట్ల (కొన్ని భాగాలుగా ఉండే రచనలు) నుంచి ఒక భాగం, ఒక్కటే, వాయించాకే బయటికెళ్తాను. ఆరు సూట్లు, ఒక్కోదానిలో ఆరు భాగాలు. ముప్పై ఆరు రోజులకి చుట్టు తిరుగుతుంది.

కుర్చీ_ఖాళీచేశాను
ఆరో సూట్ అయిదు తీగల వాద్యానికి రాసింది. నాలుగు తీగల మీద పొద్దున్నే అదా? భుజం జాగ్రత్త పంచమం గారూ.

మంద్రపంచమం
ఆ ఆరు రోజులూ అలారం ముందుకి జరుపుతాను.

పెళ్లిమేళం_చెల్లో
ఆర్కెస్ట్రా ఉద్యోగం లేని నాలాంటివాళ్ల మాట కూడా రాసుకోండి. పాకెల్‌బెల్ కానన్ అనే రచన. చెల్లోకి ఎనిమిది స్వరాలు. అవే ఎనిమిది, 28 సార్లు. నేనిప్పటికి ఎన్ని వేడుకల్లో వాయించానో లెక్క లేదు. నా వాద్యం నాకు స్పష్టంగా వినపడుతుంది. మారుద్దామా?

నాలుగో_డెస్క్
వద్దు తల్లీ, నా అర డెసిబెల్ నాకుండనీ.

నాలుగో_డెస్క్
రెండు వారాల తర్వాత వస్తున్నా. మూడు సంగతులు.

నిన్న విరామంలో పక్క కుర్చీ ఆయన్ని అడిగేశాను, ఆ రోజు నాలుగు బార్లు ఆపాను, గమనించారా అని. ఆయన పెన్సిల్ చెక్కుకుంటూ తల కూడా ఎత్తకుండా అన్నాడు: "నీ వైపు చెవి ఒక్కసారిగా చల్లబడింది. ఒంట్లో బాలేదేమో అనుకుని నేను కొంచెం ఎక్కువ వాయించాను." పదకొండేళ్లు పక్కన కూర్చున్న మనిషి. ఇంతకు మించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

రెండు, ఆయనా నేనూ, ఇంకో ఇద్దరూ కలిసి ఆదివారం నాలుగు చెల్లోలకి రాసినవి ఏవో తిరగేశాం. పంచమం గారు చెప్పినట్టే, నేనూ బాగాలేను.

మూడు, వచ్చే నెల బ్రామ్స్ రెండో సింఫనీ. నెమ్మది భాగం మొదలుపెట్టేది మేమే. ఏడో ఆడిషన్, ఆ ముక్కకి నువ్వు ఏ వేళ్లు వాడావో ఇక్కడ రాస్తావా?

ఏడో_ఆడిషన్
రాత్రికి ఫొటో తీసి పెడతాను. ఎనిమిదో ఆడిషన్‌కి మార్చుకున్నవి, పాతవి కావు.

రోజన్‌పొడి
చెవి చల్లబడిందట! మొదటి జవాబు ఎవరిదో ఒకసారి పైకెళ్లి చూసుకోండి.

వయోలా_బాధితుడు
చూశాం, చూశాం. ఇంతకీ ఆయన చెక్కుకునేది ఏ పెన్సిల్? 2బీ అయితే చెరిపితే పోవట్లేదు నాకు.

చెక్కా_జిగురూ
4బీ. మెల్లగా రాస్తే పోతుంది. వాద్యం మీద మాత్రం పెట్టకండి, పోయినోళ్లు పెట్టిన గీతలు ఇప్పటికీ తుడుస్తున్నాను.